పొగ మానడం: ఆ పది నిమిషాలు దాటడం ఎలా?



ఊళ్లో రోజుకు రెండు మూడు బీడీలతో సరిపెట్టుకున్నవారు కూడా గల్ఫ్‌కు వచ్చాక పెట్టెలకు పెట్టెలు కాల్చేస్తుంటారు. కారణాలు అందరికీ తెలిసినవే. ఇంటి మీద బెంగ, అప్పుల దిగులు, నైట్ డ్యూటీ, రూములో పక్కవారి అలవాటు. మానాలని మీరూ అనుకొని ఉంటారు. రెండో రోజు మనసు గట్టిగా లాగేసరికి మళ్లీ అంటించి ఉంటారు. ఆ లాగడం ఏమిటో, దాన్ని ఎలా దాటాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. మనసు ఎందుకు లాగుతుంది?

పొగాకులో నికోటిన్ అనే పదార్థం ఉంది. పొగ పీల్చిన కొన్ని సెకన్లలోనే అది మెదడుకు చేరుతుంది. సుమారు 2 గంటల్లో రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. అప్పుడు ఒళ్లు మళ్లీ అడుగుతుంది. చిరాకు పుడుతుంది, పని మీద ధ్యాస నిలవదు. సిగరెట్ తాగితే టెన్షన్ తగ్గినట్టు అనిపిస్తుంది. నిజానికి తగ్గింది సిగరెట్ లేక వచ్చిన చిరాకు మాత్రమే. అప్పు అలాగే ఉంది, ఫోర్‌మాన్ కోపమూ అలాగే ఉంది.

ముఖ్యమైన సంగతి ఒకటి గుర్తుంచుకోండి. ఈ కోరిక ఒక్కోసారి కొద్ది నిమిషాలే ఉంటుంది, సాధారణంగా 10 నిమిషాల లోపే. మీరు తాగినా, తాగకపోయినా అది తగ్గిపోతుంది. మొదటి 3 రోజులు ఎక్కువ కష్టం. వారం దాటితే కొంత తేలిక. 4 వారాలకు ఒంటి బాధలు చాలావరకు పోతాయి.

దీనికి రుజువు మన మధ్యే ఉంది. రంజాన్ ఉపవాసం ఉండేవారు తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం దాకా సిగరెట్ ముట్టరు. అయ్యప్ప మాల వేసుకున్నవారు 41 రోజులు పొగ జోలికి పోరు. అన్ని రోజులు ఉండగలిగినవారు కూడా తర్వాత మళ్లీ మొదలుపెడుతున్నారంటే, అది ఎక్కువగా అలవాటు వల్ల, స్నేహితుల బలవంతం వల్లే. కాబట్టి జాగ్రత్త పడాల్సింది అక్కడే.

2. మానితే మీకు ఏమి లాభం?

డబ్బు: 2017లో సౌదీ అరేబియా, యూఏఈ ప్రభుత్వాలు సిగరెట్ల మీద 100 శాతం పన్ను వేశాయి. మీ ఖర్చు మీరే లెక్క వేసుకోండి. రోజుకు 10 దిర్హాములు అనుకుంటే నెలకు 300, రెండేళ్ల కాంట్రాక్టులో సుమారు 7,300 దిర్హాములు. ఆ సొమ్ము ఇంటికి పంపితే ఏ పనికి వస్తుందో మీకే బాగా తెలుసు.

ఆరోగ్యం: ఆఖరి సిగరెట్ తర్వాత 20 నిమిషాల్లోనే గుండె వేగం తగ్గడం మొదలవుతుంది. కొన్ని వారాల్లో ఆయాసం, దగ్గు తగ్గుతూ వస్తాయి. ఏడాది గడిస్తే గుండె జబ్బు ప్రమాదం పొగ తాగేవారితో పోలిస్తే సుమారు సగానికి తగ్గుతుంది.

మెడికల్: గల్ఫ్ దేశాల మెడికల్ పరీక్షల్లో టీబీ ఉందేమో చూడడానికి ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. పొగ తాగినంత మాత్రాన మెడికల్‌లో ఫెయిల్ చేయరు. కానీ పొగ తాగేవారికి టీబీ సోకే ప్రమాదం ఎక్కువ. ఒకే రూములో చాలామంది పడుకునే చోట ఇది చిన్న విషయం కాదు.

3. ముందు సిద్ధం కండి

- ఒక తేదీ పెట్టుకోండి. వారపు సెలవు రోజు అయితే మంచిది. మొదటి రోజుల్లో తల తిరిగినట్టు ఉండవచ్చు, ధ్యాస తప్పవచ్చు. ఎత్తు మీద, మెషిన్ల దగ్గర పనిచేసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. తల తిరుగుతుంటే వెంటనే కిందికి దిగి సూపర్‌వైజర్‌కు చెప్పండి.
- ముందు రోజు రాత్రే లైటర్, మిగిలిన సిగరెట్లు పారేయండి. "అత్యవసరానికి ఒకటి" అని దాచుకోవద్దు.
- రూములో అందరికీ చెప్పండి. "అన్నా, నేను మానేశాను. నేను అడిగినా ఇవ్వొద్దు" అంటే చాలు. తోడుగా ఇంకొకరు మానితే ఇద్దరికీ బలం.
- ఇంట్లో భార్యకో, అమ్మకో ఫోనులో చెప్పండి. వారు రోజూ అడుగుతుంటే మీకు పట్టుదల పెరుగుతుంది.

4. మనసు లాగినప్పుడు ఏమి చేయాలి?

గడియారం చూసుకోండి. 10 నిమిషాలు ఆగుదాం అనుకోండి. ఆలోపు ఈ పనుల్లో ఏదో ఒకటి చేయండి.

- చల్లని నీళ్లు గుక్క గుక్కగా తాగండి.
- నోట్లో లవంగం, సోంపు, యాలక్కాయ వేసుకోండి. పల్లీలు, ఖర్జూరం కూడా పనికి వస్తాయి. షుగర్ ఉన్నవారు ఖర్జూరం తగ్గించాలి.
- ముక్కుతో నిదానంగా ఊపిరి పీల్చి, నోటితో వదలండి. పదిసార్లు చేయండి.
- ఉన్న చోటు నుంచి లేచి వెళ్లండి. బట్టలు ఉతకండి, ముఖం కడుక్కోండి, ఇంటికి ఫోన్ చేయండి.

ఏ వేళల్లో ఎక్కువ లాగుతుందో ముందే తెలుసుకోండి. చాలామందికి ఇవే: పొద్దున లేవగానే, టీ తాగేటప్పుడు, కంపెనీ బస్సు కోసం నిలబడ్డప్పుడు, భోజనం అయ్యాక, ఇంటి నుంచి చెడు వార్త వచ్చినప్పుడు. లేవగానే పళ్లు తోముకొని స్నానానికి వెళ్లండి. టీ వేరే చోట, పొగ తాగనివారితో తాగండి. పొగ మానాక టీ, కాఫీల ప్రభావం ఒంట్లో ఎక్కువ సేపు నిలుస్తుంది. నిద్ర పట్టకపోతే, గుండె దడగా ఉంటే వాటిని సగానికి తగ్గించండి.

మొదటి వారాల్లో కోపం త్వరగా వస్తుంది. ఫోర్‌మాన్‌తో గొడవ పడితే నష్టపోయేది మీరే. మాట జారేలోపు పక్కకు వెళ్లి నీళ్లు తాగి రండి.

5. మందుల సహాయం

లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కావాల్సి వస్తే అలవాటు బలంగా ఉన్నట్టు లెక్క. అలాంటివారికి నికోటిన్ గమ్, ఒంటికి అంటించే పట్టీ బాగా ఉపయోగపడతాయి. ఫార్మసీలో అడగండి. గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా నమలకూడదు. ఘాటు తెలిసేదాకా నిదానంగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. గమ్‌కు ముందు 15 నిమిషాలు, అది నోట్లో ఉన్నంతసేపు టీ, కాఫీ, కూల్‌డ్రింకు తాగవద్దు.

గుండె జబ్బు ఉన్నవారు, ఉబ్బసానికి, షుగర్‌కు, మానసిక సమస్యలకు మందులు వాడేవారు ముందు డాక్టరుతో మాట్లాడాలి. పొగ మానితే కొన్ని మందుల మోతాదు మార్చాల్సి వస్తుంది. దిగులు వారాల తరబడి తగ్గకపోయినా, చచ్చిపోవాలనిపించినా దాచుకోకండి. వెంటనే తోటివారికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

సెలవుకు ఇండియా వెళ్లినప్పుడు 1800-11-2356 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేసి, పొగాకు మానడానికి సలహా పొందవచ్చు.

6. ఇవి సిగరెట్‌కు బదులు కావు

గుట్కా, ఖైనీ నోటి క్యాన్సర్ తెస్తాయి. గల్ఫ్‌లో చాలా చోట్ల నమిలే పొగాకు అమ్మకం నిషేధం. వచ్చేవారి చేత తెప్పించుకొని వారిని చిక్కుల్లో పెట్టవద్దు. గంటసేపు హుక్కా తాగితే ఒక సిగరెట్ కంటే ఎన్నో రెట్ల పొగ లోపలికి పోతుంది. ఈ-సిగరెట్లను ఇండియాలో 2019లో నిషేధించారు, ఖతార్‌లోనూ నిషేధమే. శ్రీకాకుళం వైపు నిప్పు నోట్లో పెట్టుకొని తాగే అడ్డచుట్ట అంగిలికి క్యాన్సర్ తెస్తుంది.

7. ఒకటి తాగేస్తే?

అంతా అయిపోయిందని పెట్టె కొనవద్దు. చేతిలోది అక్కడే ఆర్పేయండి. ఎక్కడ, ఎవరితో, ఏ వేళ తాగారో గుర్తు పెట్టుకొని, రేపు ఆ వేళకు ఇంకో పని పెట్టుకోండి. ఒకేసారి మానగలిగేవారు తక్కువ. చాలామంది పలు ప్రయత్నాల తర్వాతే మానతారు.

వచ్చే సెలవు రోజు తేదీ ఇప్పుడే ఒక కాగితం మీద రాసి, మంచం పక్కన గోడకు అంటించండి. దాని కింద ఒక్క మాట రాసుకోండి: "పది నిమిషాలు ఆగు."