పోటీ పరీక్షల ప్రత్యేకం: అండమాన్ మదుపరికి సెబీ రక్షణ

అండమాన్ నికోబార్ దీవుల్లో స్టాక్ ఎక్స్ఛేంజీ లేదు. అక్కడి మదుపరులు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తూర్పు ప్రాంతీయ కార్యాలయం (కోల్‌కతా) పరిధిలోకి వస్తారు. 2020 ఆగస్టు 10న చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక దీవుల్లో ఆన్‌లైన్ లావాదేవీలు సులువయ్యాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో 13 శాతానికి పైగా ప్రజల మాతృభాష తెలుగే కాబట్టి ఈ అంశం మనకు మరింత దగ్గరిది.

సెబీ 1988 ఏప్రిల్ 12న ఏర్పడింది. చట్టబద్ధత 1992లో వచ్చింది. ప్రధాన కార్యాలయం ముంబై.

నష్టభయం అంచనా ఎలా? షేరు ధర ఒక్కరోజులో ఎంత పడొచ్చో గత ఒడిదుడుకుల నుంచి లెక్కగట్టి ముందే మార్జిన్ (పూచీ సొమ్ము) వసూలు చేస్తారు. మార్కెట్ సూచీ 10, 15, 20 శాతం కదిలితే ట్రేడింగ్ ఆగుతుంది. మ్యూచువల్ ఫండ్ల నష్టభయాన్ని చూపే రిస్కోమీటర్‌లో ఆరు స్థాయిలున్నాయి. అయితే ఇవన్నీ ప్రధానంగా మార్కెట్ ప్రమాదానికి సంబంధించినవే. తప్పుడు ఖాతాలను పట్టుకోలేవు. సత్యం కంప్యూటర్స్ ఉదంతం నేర్పింది ఇదే. 2009 జనవరి 7న ఖాతాల మోసాన్ని ఒప్పుకుంటూ ఆ సంస్థ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటపడగానే ఆ షేరు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా ఒక్కరోజులో ఆవిరైంది. సామాన్యుల పొదుపు అలా కరిగిపోవడం క్షమించరానిది. 2014లో సెబీ ఆయన్ను 14 ఏళ్లపాటు మార్కెట్ నుంచి నిషేధించింది.

ఫిర్యాదులకు 2011 నుంచి స్కోర్స్ వేదిక ఉంది. సెబీ ఉత్తర్వుపై అప్పీలు సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు, ఆపై నేరుగా సుప్రీంకోర్టుకు వెళుతుంది. మధ్యలో హైకోర్టు అని రాస్తే మార్కు పోతుంది.