వేళ కాని వేళ వచ్చినవారికి

లంకల గన్నవరం గోదావరి పాయల మధ్య ఊరు. 19వ శతాబ్దంలో అక్కడికి ఎక్కువగా పడవల మీదే వచ్చేవారు. గాలి ఎదురైనా, వరద పోటెత్తినా పడవ ఎప్పుడు చేరుతుందో ఎవరూ చెప్పలేరు. రేవులో దిగేసరికి ఒక్కోసారి అర్ధరాత్రి. అలా కడుపు మాడుతూ దిగినవాళ్లు నేరుగా డొక్కా సీతమ్మ గారింటికి నడిచేవారు.

1841లో మండపేటలో పుట్టిన సీతమ్మ, జోగన్న గారిని పెళ్లాడి ఈ ఊరొచ్చారు. పొలం, పాడి, గాదెల్లో ధాన్యం ఉన్న ఇల్లు. అలాంటి ఇళ్లు కోనసీమలో చాలానే ఉండేవి. ఆమె గొప్పతనమంతా అన్నం పెట్టడానికి వేళ చూడకపోవడంలో ఉంది. పండగకో పుట్టినరోజుకో అన్నదానం చేయడం తేలిక, ఎందుకంటే ఆ రోజును ఎంచుకునేది పెట్టేవాళ్లే. పొయ్యి చల్లారాక తలుపు తట్టినవాళ్ల కోసం మళ్లీ ఎసరు పెట్టడానికి వేరే మనసు కావాలి.

ఒకసారి ఆమె అంతర్వేది స్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరారట. దారిలో ఆకలికి ఏడుస్తున్న పిల్లలను, 'ఇంకాస్త ఓర్చుకోండి, సీతమ్మ గారింటికి చేరితే అన్నం పెడతారు' అని పెద్దలు ఊరడించడం చెవిన పడింది. వెంటనే పల్లకి వెనక్కి తిప్పించారని చెప్పుకుంటారు. 1909లో ఆమె కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి 2024లో ఆమె పేరే పెట్టారు.

సీతమ్మ గారు చూసింది ఎదుటివాళ్ల ఆకలిని. మన ఇళ్లలో ఆ చూపు ఉందా? ఉన్నదానికి కృతజ్ఞత చూపమని, రోజూ నాలుగు ముక్కలు డైరీలో రాసుకోమని వ్యక్తిత్వ వికాస నిపుణులు చెబుతుంటారు. మంచి అలవాటే. అయితే ఆ డైరీ ఉన్న ఇంట్లోనే చివరి ముద్ద ఎవరిదో చూడాలి. చాలా ఇళ్లలో అది వండినామెదే: అందరూ లేచాక, గిన్నె అడుగున మిగిలిన కూర, చారునీళ్లు. దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇందుకు కారణాలు చాలా ఉన్నాయి. ఇల్లాలి కంచంలోకి చివరికి ఏం మిగులుతోందన్నది మాత్రం ఇంట్లో అందరి కళ్ల ముందూ ఉన్న విషయమే.

ఇంటిపనికి వచ్చే ఆమెకు నిన్నటి కూర, విడిగా ఉంచిన గ్లాసు. ఎండలో మూడంతస్తులెక్కి పార్శిల్ తెచ్చిన కుర్రాడికి గుమ్మంలోనే వీడ్కోలు. దయ లేక కాదు, గమనించక ఇలా జరుగుతుంటుంది. గమనించాక కూడా మారకపోతే అది తప్పే. పార్శిల్ తెచ్చిన కుర్రాడు అడగకముందే మంచినీళ్లివ్వండి. పనామెకు మీరు తాగే గ్లాసులోనే టీ పోయండి. ఈ రాత్రి వడ్డన, వండినామె కంచంతో మొదలుపెట్టండి.