ఛాయాచిత్రముల పోటీలు – మన యాత్రాస్థలములు

అనంతపురము సీమ అనగానే చాలమంది తలపునకు వచ్చునవి వానలేని నేల, వేరుసెనగ చేలు, ఎండిన చెరువులు. అది అబద్ధము కాదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ పీఠభూమిలో సేద్యము ఏటికేడు జూదమువంటిదే. కాని ఈ రాతినేలలోనే లేపాక్షి శిల్పములు, పెనుకొండ కోట, గుత్తి దుర్గము, తాడిపత్రి ఆలయములు, నొళంబ రాజుల హేమావతి కలవు. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా అనంతపురము, శ్రీ సత్యసాయి అను రెండు జిల్లాలైనను, ఈ సంపద ఇరువైపులను ఉన్నది. వాన కురియని యేట పంట పోవును గాని యీ సంపద పోదు.

అయితే, చూడదగినది కలదని తెలిసినపుడే కదా జనులు చూడవచ్చెదరు! ఆ తెలియజేయు పనికి నేడు అంతర్జాలములో జరుగు ఛాయాచిత్రముల పోటీలు, వీడియోల పోటీలు ఒక మంచి సాధనమైనవి. అవి ఎట్లు పనిచేయునో, వాటివలన పల్లెకు మేలెట్లు కలుగునో మనము తెలిసికొందము.

ఒక మనిషి, ఒక కెమెరా

కదిరికి సమీపమున గూటిబైలు గ్రామములో తిమ్మమ్మ మర్రిమాను కలదు. సుమారు ఐదెకరముల మేర ఊడలు దింపి విస్తరించిన మహావృక్షమది. చుట్టుపట్ల ఊళ్లవారు తిమ్మమ్మ కథ చెప్పుకొనుచు తరతరములుగా దానిని కొలుచుచున్నారు. కాని బయటి లోకమునకు దాని సంగతి తెలియదు. బెంగుళూరికి చెందిన స్వతంత్ర విలేఖరి, ఛాయాచిత్రకారుడు సత్యనారాయణ అయ్యరు దీనిని లోకమునకు తెలియజేయుటకు పాటుపడెను. ఆ కృషి ఫలితముగా 1989లో ఈ మర్రి గిన్నిస్ రికార్డుల గ్రంథమున చోటు పొందినది. సంపాదకులు తన రచనలను త్రిప్పి పంపుచు వ్రాసిన విచారపత్రములను దాచుకొని, ‘రిగ్రెట్ అయ్యర్’ అను పేరునే ధరించిన పట్టుదల గలవాడాయన.

చిత్రము తీయకముందును ఆ మర్రి అంత పెద్దదే. తెలిసిన తరువాతనే దూరదేశములవారు చూడవచ్చిరి. ఆనాడు ఒక్కడు చేసిన పనిని ఈనాడు పదిమంది కలిసి చేయవచ్చును. ఇంటింట సెల్‌ఫోను, సెల్‌ఫోనులో కెమెరా ఉన్నవి. పోటీ అనునది ఆ పదిమందిని ఒక పనికి పూన్చు ఉపాయము.

లోకములో జరిగిన రెండు పోటీలు

2009లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పర్యాటక శాఖవారు ఒక చిత్రమైన ప్రకటన చేసిరి. తమ దీవిలో ఆరు నెలలు కాపలాదారుగా నివసించి, చూచిన వింతలను లోకమునకు తెలుపుటకు ఒకరు కావలెననియు, అభ్యర్థులు ఒక నిమిషము వీడియో తీసి పంపవలెననియు దాని సారాంశము. 34 వేలకు పైగా వీడియోలు వచ్చెను. ఉద్యోగము బ్రిటనుకు చెందిన బెన్ సౌథాల్ అను నతనికి దక్కినది. కాని వీడియో పంపిన ప్రతివాడును ఆ దీవిని గూర్చి చదివి, తనవారికి చెప్పినవాడే. అదియే ఆ శాఖవారికి దక్కిన లాభము.

రెండవది 2010లో నెదర్లాండ్సులో మొదలైన ‘వికీ లవ్స్ మాన్యుమెంట్స్’ అను పోటీ. ప్రాచీన కట్టడములను ఎవరైనను చిత్రించి, వికీమీడియా కామన్స్ అను అంతర్జాల భాండాగారమునకు ఉచితముగా సమర్పింతురు. 2011లో ఈ పోటీకి 1,68,208 చిత్రములు రాగా, ప్రపంచములోకెల్ల పెద్ద ఛాయాచిత్రముల పోటీగా గిన్నిస్‌వారు గుర్తించిరి. 2012లో భారతదేశము కూడ ఇందు పాల్గొన్నది.

ఈ రెండింటికి భేదమేమి? మొదటిది జాతరవంటిది, ఆర్భాటముగా జరిగి ముగిసినది. దానికి ధనము కావలెను. రెండవది ధాన్యపు కొట్టువంటిది. పోటీ ముగిసినను చిత్రములు మిగులును. చిత్రకారుని పేరు తెలిపి, లైసెన్సు నియమములు పాటించినచో, బడిపంతులు పాఠమునకు, పత్రికవారు వ్యాసమునకు, పంచాయతివారు కరపత్రమునకు వాటిని వాడుకొనవచ్చును. కరవుసీమ పల్లెకు రెండవ మార్గమే తగినది.

లేపాక్షి నేర్పు పాఠము

అచ్యుతదేవరాయల కాలమున, పదునారవ శతాబ్దిలో, విరూపణ్ణ కట్టించిన లేపాక్షి వీరభద్రాలయమునకు వచ్చువారిలో పలువురు ఏకశిలా నంది యెదుట నిలిచి ఒక చిత్రము, వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డ దూర్చి ఒక చిత్రము తీసికొని వెడలుదురు. పైకప్పున వర్ణచిత్రములున్నవి. అందలి స్త్రీల చీరలు, అంచులు నాటి నేతపనికి సాక్ష్యములు. లతామండపపు స్తంభములపై చెక్కిన అల్లికలు నేటి చీరలకును అచ్చులైనవి. అసంపూర్ణముగా నిలిచిపోయిన కల్యాణమండపము కలదు. 2022 మార్చిలో యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో లేపాక్షి చేరినపుడు, విజయనగర శిల్ప, చిత్రకళా సంప్రదాయమునకు ప్రతీకగానే చేరినది.

‘లేపాక్షిని చిత్రించుడు’ అని మాత్రమే ప్రకటించినచో వేయి వ్రేలాడు స్తంభములు వచ్చును. కనుక పోటీకి విషయమును ఎన్నుకొనుటలోనే నేర్పున్నది. ‘పైకప్పు చిత్రములలోని చీరలు’, ‘పెనుకొండలోని పాత నీటివసతులు’, ‘నిమ్మలకుంట తోలుబొమ్మల పనివారి చేతులు’, ‘ధర్మవరము మగ్గము’ – ఇట్లు విషయములను విభజింపవలెను. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించినది. అట్టి కళను చూడవచ్చినవాడు ఒక బొమ్మనో, దీపపు తెరనో కొనక పోడు. అరగంటలో మరలిపోవలసిన బాటసారి ఒక పూట నిలుచును. పూట నిలిచినవాడు భోజనము చేయును, రాత్రి నిలిచినవాడు బస కోరును. పల్లెకు రాబడి వచ్చు దారి ఇదియే.

పోటీ నడుపు విధము

ఒకటి: ప్రతి చిత్రముతోపాటు స్థలము, ఊరు, తీసిన తేది, చిత్రములోనున్న దేమియో తెలుపు రెండు వాక్యములు ఉండవలెను. పేరు లేని చిత్రము చిరునామా లేని ఉత్తరమువంటిది.

రెండు: గడువు దీర్ఘముగా ఉండవలెను. వానలు కురిసిన పిమ్మట పచ్చబడిన కొండ వేరు, మండువేసవిలోని కొండ వేరు. రెండును మనవే.

మూడు: 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి సాధారణముగా చిత్రము తీసినవానిదే దానిపై హక్కు. ‘పంపిన చిత్రములన్నియు మావే’ అని నియమము పెట్టుట తగదు. ఏయే పనులకు వాడుకొందురో ముందే తెలిపి, చిత్రకారుని పేరుతో ప్రకటింపవలెను.

నాలుగు: వోట్లవలననే విజేతను నిర్ణయింపరాదు. అట్లు చేసినచో మంచి చిత్రము గాక మిత్రులెక్కువ గలవాడు గెలుచును. దొంగఖాతాలకును త్రోవ యేర్పడును. చిత్రకళ నెరిగినవారొకరు, చరిత్ర నెరిగిన ఉపాధ్యాయులొకరు, ఊరి పెద్ద లేక మహిళా సంఘ సభ్యురాలొకరు కలిసి నిర్ణయించుట మేలు.

ఐదు: స్థానిక బాలబాలికలకు ప్రత్యేక బహుమతి యుండవలెను. పట్నవాసి ఖరీదైన కెమెరాతో మన పిల్లవాని సెల్‌ఫోను పోటీపడజాలదు. కాని సూర్యుడు ఏ వేళ ఏ స్తంభముపై పడునో ఆ పిల్లవానికే తెలియును.

ఆరు: చిత్రము సత్యమై యుండవలెను. నేడు కృత్రిమ మేధ లేని నీటిని, లేని పచ్చదనమును చిటికెలో సృష్టించుచున్నది. ఎండిన చెరువును నిండినట్లు చూపిన చిత్రమును నమ్మి వచ్చినవాడు మరల రాడు, రాదలచినవారిని కూడ ఆపును. మార్చని అసలు ఫైలును అడిగి పరిశీలింపవలెను.

మరువరాని జాగ్రత్తలు

చిలమత్తూరు మండలములోని వీరాపురమునకు ఏటేట ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, ఊరి చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. ఊరివారు వాటిని శుభముగా ఎంచి కాపాడుచున్నారు. బహుమతి కొరకు చెట్టెక్కినను, గూటిపై డ్రోను ఎగురవేసినను ఆ నమ్మకము వమ్మగును. డ్రోనులకు 2021 నాటి నియమములు కలవు. అనుమతి లేనిచోట ఎగురవేయరాదు. గూటికి దూరముగా నిలిచి తీసిన చిత్రములనే స్వీకరింతుమని ముందుగనే ప్రకటింపవలెను.

2018లో భారత పురావస్తు శాఖ తన రక్షణలోని కట్టడములలో, మూడింటిని మినహాయించి, ఛాయాచిత్రములు తీయుటకు అనుమతించినది. అయినను గర్భాలయముల విషయమున ఆలయ నియమమును పాటింపవలెను. వర్ణచిత్రములపై ఫ్లాషు దీపము వేయరాదు. కోటగోడల అంచున సెల్ఫీలకు ఎక్కువారికి బహుమతి లేదని నియమములలోనే వ్రాయుట మంచిది. మనుష్యులను వారి సమ్మతితోనే చిత్రింపవలెను. నీళ్ల బిందెతో నిలిచిన తల్లి కష్టము ఎవరికిని వింతవస్తువు కారాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది నీరు. ఒకనాడు వందమంది వచ్చినచో వారికి త్రాగునీరు, మరుగుదొడ్డి, నీడ ఉన్నవా? వారు పారవేయు ప్లాస్టిక్ సీసాలను ఎత్తువారెవరు? ఊరివారికే నీరు చాలని వేసవిలో పోటీ పెట్టి జనమును రప్పించుట మేలు చేయబోయి కీడు చేయుటయే. ముందు వసతి, పిమ్మట పిలుపు.

కావున రాబోవు గ్రామసభలో పంచాయతి పెద్దలు, యువజనులు, మహిళా సంఘములవారు కూర్చుండి మూడు సంగతులు తేల్చుకొనవలెను. మన ఊరిలో ఇంతవరకు ఎవరును చిత్రింపనిది ఏది? దానిని చూడవచ్చినవారికి మనము అమ్మగలది ఏది? వారికి ఈయగల నీరెంత? ఈ మూడింటికి సమాధానము దొరికిన ఊరు, బహుమతి చిన్నదైనను, పోటీని ధైర్యముగా ప్రకటింపవచ్చును. చిత్రము అతిథిని మన గుమ్మము వరకే తెచ్చును. లోనికి పిలిచి, దాహము తీర్చి, మరల రమ్మని పంపుట మన పని.