తిరిగొచ్చిన సాల్వెంట్‌ని తూకం వెయ్యి

చిరంజీవి సింధుకు,

నువ్వు పంపిన గ్రాఫులు చూశాను. వరిగడ్డిని కోలిన్ క్లోరైడు, లాక్టిక్ ఆమ్లం కలిపిన సాల్వెంట్‌లో ఉడికించి లిగ్నిన్ లాగేస్తున్నావు. మిగిలిన పీచు మీద ఎంజైములు వేస్తే గ్లూకోజు బాగానే దిగుతోంది. సంతోషం. కానీ నీ టేబుల్లో చక్కెర ఎంత వచ్చిందో ఉంది, లిగ్నిన్ ఎంత పోయిందో ఉంది, సాల్వెంట్ ఎంత తిరిగొచ్చిందో మాత్రం లేదు. మళ్లీ వాడుకోవచ్చని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. పేపరుమిల్లు రికవరీ సెక్షన్లో తల నెరిసినవాణ్ణి కదా, నా కన్ను ముందు అక్కడికే పోయింది.

లెక్క చూడు. కిలో గడ్డికి పది కిలోల సాల్వెంట్ పోస్తున్నావు. అంటే టన్నుకి పది టన్నులు. అందులో 95 శాతం వెనక్కి వస్తే పేపర్లో గొప్పగా రాసుకుంటారు, కానీ టన్ను గడ్డికి అరటన్ను సాల్వెంట్ పోయినట్టే. ఆ చక్కెర చివరికి ఇథనాల్ అవ్వాలి కదా, దాని దిగుబడి చూడు. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్లు 2022లో మొదలుపెట్టిన ప్లాంటుని ఏటా 2 లక్షల టన్నుల గడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా కట్టారు. (వాళ్లది నీలాంటి సాల్వెంట్ పద్ధతి కాదులే, దిగుబడి కోసం చెబుతున్నాను.) టన్నుకి 150 లీటర్లు, తూకంలో 120 కిలోలు కూడా ఉండదు. అంతమాత్రం ఇంధనం కోసం 500 కిలోల రసాయనం వదులుకునే బేరం ఎవడు చేస్తాడు? 99 శాతం వచ్చినా వంద కిలోలు గోవిందా. 99.9 దగ్గర పది కిలోలకు దిగుతుంది, మాటలు అక్కణ్ణించి మొదలవ్వాలి. కోలిన్ క్లోరైడు కోళ్ల దాణాలో కలిపే సరుకే, చవకే. అయినా అరటన్ను అంటే అరటన్నే.

మా కాగితం పరిశ్రమ ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. కలపను గుజ్జు చేసే క్రాఫ్ట్ పద్ధతి పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే పుట్టినా, 1930లలో టామ్లిన్సన్ రికవరీ బాయిలర్ వచ్చాకే దానికి దశ తిరిగింది. కలపను ఉడికించగా దిగిన బ్లాక్ లిక్కర్‌ని చిక్కబరిచి బాయిలర్లో మండిస్తాం. లిగ్నిన్ కాలి ఆవిరి ఇస్తుంది, అడుగున కరిగి కారే లవణాల నుంచి మళ్లీ ఉడికించే మందు తయారవుతుంది. మిల్లు బతికేది ఆ వెనకవైపు పని మీదే.

నీ సాల్వెంట్‌తో చిక్కు ఏమిటంటే, అది మరగదు. లిగ్నిన్ విడిపోవాలంటే నీళ్లు పొయ్యాలి, పోసిన నీళ్లని మళ్లీ ఆవిరి చెయ్యాలి. కిలో నీటిని ఆవిరి చెయ్యడానికి 2.26 మెగాజౌల్స్ పడుతుంది. నువ్వు కడగడంతో కలిపి కిలో గడ్డికి 20 కిలోల నీళ్లు పోస్తే 45 మెగాజౌల్స్. ఆ కిలో గడ్డిని ఊరికే తగలబెడితే వచ్చేది 15 మెగాజౌల్స్ లోపు, దాని నుంచి తీసే ఇథనాల్లో ఉండేది సుమారు మూడు! మా దగ్గరలా ఒకదాని ఆవిరితో ఇంకొకదాన్ని మరిగించే అయిదారు ఇవాపరేటర్లు వరసగా పెట్టినా ఖర్చు అయిదో వంతుకి దిగుతుందేమో, అప్పటికీ ఇంధనాన్ని మించే ఉంటుంది. కనక నీళ్లు తగ్గించు. మూడోసారి బియ్యం కడిగిన నీళ్లను పారబొయ్యకుండా తర్వాతి డబ్బా బియ్యానికి మొదటి కడుగుగా వాడినట్టు, కడిగిన నీళ్లను వెనక్కి వెనక్కి తిప్పు. కిలో గడ్డికి పది కిలోల సాల్వెంట్ నిజంగా కావాలో, నాలుగుతో సరిపోతుందో కూడా చూడు.

మరిగే సాల్వెంట్‌లైతే సుఖమా అంటే, అదీ పూర్తిగా కాదు. అస్సాంలో నుమాలీగఢ్ దగ్గర 2025 సెప్టెంబరులో ప్రారంభించిన వెదురు ఇథనాల్ ఫ్యాక్టరీ ఫిన్లాండు పద్ధతిలో ఫార్మిక్ ఆమ్లం వాడుతుంది. దాని మరుగు స్థానం నీటికి ఒక్క డిగ్రీ అటూ ఇటూ, మామూలు డిస్టిలేషన్‌తో రెండూ పూర్తిగా విడిపోవు. అయినా వాళ్లు ఫర్‌ఫ్యురాల్, అసిటిక్ ఆమ్లం కూడా తీసి అమ్ముకునేలా కట్టుకున్నారు. ఒక్క ఇథనాల్‌నే నమ్ముకోలేదు.

నువ్వు మళ్లీ మళ్లీ వాడేటప్పుడు బరువొక్కటే చూడకు. ఉడికినకొద్దీ లాక్టిక్ ఆమ్లం కోలిన్‌తో కలిసి ఎస్టర్ అవుతుంది, చక్కెరలు, లిగ్నిన్ ముక్కలు పేరుకుంటాయి. సీసాలో బరువు అంతే ఉన్నా సరుకు మారిపోతుంది. ప్రతి విడతా తేమ, ఆమ్లం కొలువు. తగ్గిన మేరకు కొత్తది కలిపితే ఎంత కలిపావో రాయి. ఉడికిన పీచుని మాత్రం ఓవెన్‌లో ఆరబెట్టి ఎంజైముకి ఇవ్వకు. ఎండితే పీచులోని సందులు మూసుకుపోయి మళ్లీ పూర్తిగా తెరుచుకోవు. తడిగానే వాడి, తేమ లెక్క విడిగా కట్టు.

తర్వాత ఆఫీసు చిత్తుకాగితం మొదలుపెడతానన్నావు. న్యూస్‌పేపరునీ దాన్నీ ఒకే డబ్బాలో వెయ్యొద్దు. ఫ్లోరోగ్లూసినాల్ మందు చుక్క వేస్తే న్యూస్‌పేపరు ఎర్రబడుతుంది, లిగ్నిన్ ఉందన్నమాట. తెల్ల కాగితం ఎర్రబడదు, లిగ్నిన్ మిల్లులోనే పోయింది. దానికి నీ సాల్వెంట్ దండగ. దాని బాధ వేరు. పలచటి ఆమ్లం చుక్క పెడితే బుసబుసమంటుంది, అది నింపుడుగా వేసిన సుద్ద. ఆ సుద్దే నీ ఆమ్లాన్ని తినేస్తుంది, పీహెచ్ 5 దగ్గర పనిచేసే ఎంజైములని ఇబ్బంది పెడుతుంది. ముందు దాని సంగతి చూడు.

పక్క బెంచీ అబ్బాయి నీ సాల్వెంట్ బదులు టీహెచ్ఎఫ్‌తో చేస్తున్నాడన్నావుగా. 66 డిగ్రీలకే మరుగుతుంది కనక తిరిగి పట్టుకోవడం తేలిక. కాలిఫోర్నియాలో రివర్‌సైడ్ యూనివర్సిటీ వాళ్లు ఆ దారే పట్టారు. కానీ గాలి తగిలితే అందులో పెరాక్సైడులు పుడతాయి. కొనేటప్పుడు కలిపి ఉండే నివారణ మందు డిస్టిల్ చేస్తే అడుగునే ఉండిపోతుంది, పైకి వచ్చే టీహెచ్ఎఫ్‌కి ఆ రక్షణ ఉండదు. అందుకని పట్టిన వెంటనే మళ్లీ ఆ మందు కలపాలి, సీసా మీద తేదీ రాయాలి, మళ్లీ మరిగించబోయే ముందు టెస్ట్ స్ట్రిప్ ముంచి చూడాలి. ఫ్లాస్కు అడుగంటేదాకా ఎప్పుడూ మరిగించొద్దని అతనికి గట్టిగా చెప్పు. పేలుతుంది.

కొత్త టేబుల్లో సాల్వెంట్ వరస చేర్చి పంపు.

ఇట్లు,
మామయ్య