యంత్రానికి ఊపిరి

ప్రాణికి శ్వాస ఎట్టిదో, ఇంజనుకు గాలి అట్టిది. 2020 నుండి సౌదీ అరేబియాలో జరుగుతున్న డాకర్ ర్యాలీలో మోటారుసైకిళ్లు దినమంతా ఎడారి ధూళి మధ్యనే పరుగెత్తుతాయి. ఆ ధూళిని అడ్డుకొనేది నూనెలో తడిపిన స్పాంజి ఫిల్టరే. అది మట్టితో పూడుకుపోతే గాలి అందక ఇంజను శక్తి సన్నగిల్లుతుంది. చిరిగితే ధూళి లోనికి చొరబడి పిస్టన్‌ను, సిలిండరును అరగదీస్తుంది.

ఫిల్టరును తీయగానే గాలిమార్గాన్ని శుభ్రమైన గుడ్డతో మూయాలి. తగిన ద్రావకంతో పాత నూనెను పోగొట్టి, సబ్బునీటితో కడగాలి. మెలిపెట్టి పిండరాదు, అతుకులు విడిపోతాయి. పూర్తిగా ఆరిన పిదప ఫిల్టరు నూనెను సమంగా పట్టించి, అంచుకు గ్రీజు పూసి, సందు లేకుండా అమర్చాలి. చిరిగినదాన్ని కడిగి ప్రయోజనం లేదు, కొత్తది వేయవలసిందే. స్వల్పమైన ఈ శ్రద్ధయే విలువైన ఇంజనుకు రక్ష.