గంట మోగితే పని ఆపగలవా?

చి. శౌరికి,

నీ ఉత్తరం అందింది. అంతకు ముందురోజే మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "వీడు కేరళలోని కురిసుమల మఠానికి వెళ్ళి సన్యాసుల్లో కలుస్తానంటున్నాడు బావగారూ, మీరే ఏదో ఒకటి చెప్పాలి" అని. ఆ ఏదో ఒకటి అంటే 'వద్దు' అని. నేను వద్దనీ అనడం లేదు, వెళ్ళమనీ అనడం లేదు. అతిథిగా వెళ్ళి వచ్చినప్పుడల్లా అక్కడ చూసింది, చదివింది రాస్తున్నాను. నిర్ణయం నీది.

రొద పడలేకపోతున్నానని, కొండ మీద ప్రశాంతంగా ప్రార్థన చేసుకుంటానని రాశావు. ప్రశాంతతే కావాలంటే ఆ కొండ ఉన్న వాగమణ్ నిండా రిసార్టులున్నాయిరా, నాలుగు రోజులు ఉండి రా. మఠంలో ప్రశాంతత లేదని కాదు. కానీ అక్కడ మనిషిని నిలబెట్టేదీ, తరిమేసేదీ అది కాదు.

1958లో ఆ మఠాన్ని మొదలుపెట్టిన ఇద్దరూ విదేశీయులే. ఫ్రాన్సిస్ మాహ్యూ బెల్జియంలోని ట్రాపిస్టు మఠం నుంచి వచ్చాడు, మన దేశంలో ఫ్రాన్సిస్ ఆచార్య అయ్యాడు. బీడ్ గ్రిఫిత్స్ ఇంగ్లండుకు చెందిన బెనెడిక్టు సభ సన్యాసి. ఈయన 1968లో కావేరి ఒడ్డున ఉన్న శాంతివనం ఆశ్రమానికి వెళ్ళిపోయాడు. పుస్తకాలు చదివేవాళ్ళందరికీ బీడ్ గ్రిఫిత్సే తెలుసు. నాకు మాత్రం 2002లో కన్నుమూసేదాకా ఆ కొండనే అంటిపెట్టుకున్న ఆచార్యగారంటేనే గురి. కాషాయం కట్టి, నేల మీద కూర్చుని ప్రార్థించి, శాకాహారం తిని, మఠం బతకడానికి పాడి పెట్టారు. జెర్సీ సంకర ఆవులతో ఆ పాడి పెరిగింది, చుట్టుపక్కల రైతులకూ అదొక దారి చూపింది. 1998లో ఆ ఆశ్రమం కఠిన నియమం పాటించే సిస్టర్షియన్ సభలో చేరింది. ట్రాపిస్టులంటే వాళ్ళే.

వాళ్ళది సిరియా సంప్రదాయం. అందులో రోజు సాయంత్రం మొదలవుతుంది. రంషో అనే సాయంకాల ప్రార్థన, పడుకోబోయే ముందు సుత్తోరో, నడిరేయి దాటాక లిల్యో, తెల్లవారాక సఫ్రో, పగలు మూడో గడియ, ఆరో గడియ, తొమ్మిదో గడియ ప్రార్థనలు. మొత్తం ఏడు. వీటి మధ్యన దొరికిన సందుల్లోనే వంట, పాలు పితకడం, గడ్డి, పేడ, అతిథులు, చదువు, నిద్ర.

ఒకసారి కొట్టం దగ్గర నిలబడి చూస్తున్నాను. ఒక బ్రదర్ గడ్డి కత్తిరించే యంత్రంలోకి మోపు తోస్తున్నాడు. పక్కన ఇంకో రెండు మోపులున్నాయి, ఐదు నిమిషాల పని. ప్రార్థన గంట మోగింది. ఆయన చెయ్యి తీసేసి స్విచ్ ఆపాడు. సగం మోపు యంత్రం నోట్లోనే ఉండిపోయింది. చేతులు కడుక్కుని, కాళ్ళకంటిన బురద కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ రెండు మోపులూ పూర్తి చేసి రావచ్చు కదా అని నా ప్రాణం కొట్టుకుంది. తర్వాత ఆయన్నే అడిగితే, "అవి పూర్తయ్యాక ఇంకేదో కనిపిస్తుంది" అన్నాడు.

ఇలా పని సగంలో వదిలి లేవడం కొత్త సంగతేం కాదు. ఈజిప్టు ఎడారి సన్యాసుల గురించి అయిదో శతాబ్దంలో జాన్ కాసియన్ రాశాడు, రాసుకుంటున్నవాడు పిలుపు వినగానే మొదలెట్టిన అక్షరాన్ని కూడా పూర్తి చేయకుండా లేచేవాడట. పునీత బెనెడిక్టు తన నియమావళిలో అదే పెట్టాడు. చేతిలో ఉన్నది వదిలి రావాలి. దూరాన పొలంలో చిక్కుకుపోయినవాడు ఉన్నచోటే మోకరించాలి. ఈనబోయే ఆవు గంట కోసం ఆగదు, అది వాళ్ళకూ తెలుసు. కానీ ప్రతిదాన్నీ ఈనబోయే ఆవులా చూపించి తప్పించుకునే తెలివి మనందరికీ ఉంది.

నీ విషయంలో నా బెంగ ఇక్కడే. నువ్వు పశువైద్యుడివి. ఆ కొట్టంలో అడుగుపెట్టిన వారానికే నువ్వు లేకపోతే గడవదన్నట్టు అవుతుంది. పొదుగువాపు కేసు రాగానే నిన్నే పిలుస్తారు. బెనెడిక్టు నియమావళి 57వ అధ్యాయం చదువు. మఠంలో పనితనం ఉన్నవాడు తన వల్లే మఠానికి లాభమొస్తోందని గర్వపడితే, ఆ పని నుంచే తప్పించాలంటాడు. రేపు నిన్ను ఆవుల దగ్గర నుంచి తీసి వంటింట్లో పాత్రలు తోమమంటే ఏం చేస్తావు? ఇప్పటి ఉద్యోగంలో నీ మాట వినలేదని మేనేజరుతో మాట్లాడటం మానేసినవాడివి!

ఇంకొకటి, చిన్న మఠంలో దాక్కోవడానికి చోటుండదు. అవే నాలుగు ముఖాలు, పక్కవాడి అదే దగ్గు, కీర్తనల్లో ఎప్పుడూ శ్రుతి తప్పే అదే గొంతు. పైగా నీకు మలయాళం రాదు.

మీ అమ్మకు ఒక మాట నచ్చజెప్పు. చేరినంత మాత్రాన తలుపులు మూసుకుపోవు. పరిచయ కాలం కాక, ఆ సభలో నోవిషియేట్ అనే శిక్షణ కాలమే రెండేళ్ళు, ఆ పైన తాత్కాలిక మాటపట్టు, అంటే వ్రతం, కనీసం మూడేళ్ళు. అంతా దాటాకే నిత్య మాటపట్టు. నోవిస్‌గా ఉన్నన్నాళ్ళూ ఎప్పుడు కావాలన్నా తిరిగి రావచ్చు. ఇంకో సంగతి, మనం లాటిన్ ఆరాధన రీతివాళ్ళం, వాళ్ళది సీరో-మలంకర రీతి. రీతి మారి చేరాలంటే పై నుంచి అనుమతి కావాలి కాబట్టి విచారణ గురువుగారితో ముందే మాట్లాడు.

రాజీనామా మాత్రం ఇప్పుడే ఇవ్వకు. నెల రోజులు సెలవు పెట్టి, ముందుగా మఠానికి ఉత్తరం రాసి, అతిథిగా వెళ్ళు. డిసెంబరులో వెళ్ళకు, ఆ చలికి, ఆ పచ్చదనానికి ఎవడైనా సన్యాసి అవుతానంటాడు. జూలైలో వెళ్ళు. గుంటూరులో శబరి ఎక్కితే కొట్టాయంలో దిగొచ్చు, అక్కణ్ణుంచి ఈరాట్టుపేట మీదుగా ఘాట్ రోడ్డులో బస్సు. పశువుల డాక్టర్నని నోరెత్తకు, గడ్డి మోయమంటే మొయ్యి. టికెట్ డబ్బులు నేను పంపుతాను. గొడుగు, జలగలకు కాస్త ఉప్పు మర్చిపోకు.

మీ పెదనాన్న