చెదకు వంతెన వేయకండి

చెద అనగానే అందరూ మందు పేరు అడుగుతారు. నేను ఎం.ఎస్సీ. జువాలజీ చదువుతున్నానని తెలిసి మా ఊళ్లోనూ అదే అడుగుతున్నారు. మందు కంటే ముందు చూడవలసింది, ఇంట్లో కర్ర ఎక్కడ మట్టిని తాకుతోందన్నది.

చెదపురుగు ఒళ్లు మెత్తన. ఎండ, పొడిగాలి తగిలితే బతకదు. అందుకే నేలలోని గూటి నుంచి గోడ వెంబడి మట్టి గొట్టం కట్టుకుని ఆ చీకట్లో, తేమలో నడుస్తుంది. కర్రలో, కాగితంలో ఉండే సెల్యులోజ్ దాని తిండి. పుట్టలు పెట్టే ఓడాంటోటెర్మిస్ జాతి చెదలు తిన్న కర్రతో పుట్టలో ఒకరకం బూజును పెంచుతాయి. వానలకు పుట్ట మీద లేచే పుట్టగొడుగులు ఆ బూజువే. పేరు ఊరికే రాలేదు!

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అలా పడిన కర్రను వంటచెరకుగా ఇంటి గోడకు ఆనించి పేర్చుకుంటాం. డబ్బు పెట్టకుండా దొరికిన కర్రను ఎవరు వదులుకుంటారు? కానీ అడుగు వరస మట్టిని, పక్క వరస గోడను తాకితే అదే చెదకు వంతెన. రాళ్ల మీద, గోడకు ఎడంగా, వాన తగలకుండా పేర్చాలి. గోడ పక్క మోడు ఉంటే వేళ్లతో సహా తవ్వించాలి.

పక్కా ఇల్లు కదా అని ధీమా వద్దు. కట్టేటప్పుడు మిగిలిన సెంట్రింగ్ చెక్కముక్కలు గచ్చు కింద పూడ్చేస్తే చెద అక్కడ చేరి, పగుళ్లలోంచి ద్వారబంధాలకు ఎక్కుతుంది. పాత ఇళ్లలో తాటి దూలం చివర గోడలో తడుస్తోందేమో చూడాలి. కర్రను తడితే డొల్ల శబ్దం వస్తే లోపల తినేసినట్టే. కిరసనాయిలు పోస్తే తగిలినవే చస్తాయి, గూడు అలాగే ఉంటుంది. పొలం మందు తెచ్చి పిల్లలు పడుకునే గదిలో కొట్టడం మాత్రం చెద కంటే ప్రమాదం. బాగా ముదిరితే ఆ పని తెలిసినవారిని పిలవాలి.

మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదట. నా మార్కుల జాబితాలూ, నాన్న పొలం పట్టా ఒకే పెట్టెలో ఉంటాయి. డిజిలాకర్‌లో కొన్ని కాగితాలు దొరుకుతున్నా, అన్నిటికీ ఆ వీలు లేదు. హాస్టల్లో మీ ట్రంకుపెట్టెనూ గోడకు జానెడు జరిపి, నాలుగు ఇటుకల మీద పెట్టండి. రేకుపెట్టె అయినా తుప్పు చిల్లు చాలు. కలరా ఉండలను నమ్ముకోవద్దు. ఆదివారం ఆదివారం పెట్టె ఎత్తి, అడుగున మట్టి గీత ఉందేమో చూసుకోండి.